డెలోస్ వెళ్తే సముద్ర దొంగల కథ ఏ వరసలో చూడాలి

గ్రీస్‌లో మైకొనోస్ వెళ్లినవాళ్లు పక్కనే ఉన్న డెలోస్ దీవి కూడా చూస్తారు, బోటులో అరగంటే, కానీ చాలామంది రాతి సింహాల దగ్గర ఫోటోలు దిగేసి వచ్చేస్తారు. సింహాలు ఎక్కడికీ పోవు, ముందు దొంగల సంగతి చూడండి.

బోటులో ఉండగానే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రోడ్స్ అనే గ్రీకు దీవి రాజ్యం మీద కోపంతో రోమ్ వాళ్లు క్రీ.పూ. 166 ప్రాంతంలో డెలోస్‌ని ఏథెన్స్‌కి అప్పగించి సుంకం లేని రేవు చేసేశారు, దాంతో మా రేవు ఆదాయం 10 లక్షల డ్రాక్మాల (గ్రీకు వెండి నాణేలు) నుంచి లక్షన్నరకి పడిపోయిందని రోడ్స్ రాయబారి రోమ్‌లో మొరపెట్టుకున్నాడంట, గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ రాశాడు. సముద్రంలో దొంగల్ని తరిమేది ఆ రోడ్స్ ఓడలే మరి, వాళ్ల నడుం విరిగాక ఇంక అడ్డెవరు?

దిగగానే రేవు పక్కన కాంపిటాలియాస్టుల (కూడలి దేవతల్ని కొలిచే రోమన్ సంఘం) అగోరా, అంటే బజారు మైదానం, ఉంటుంది, పై స్తంభాలు వదిలేసి కింద బండల్లో చిన్న చిన్న గుంతలు వెతకండి, కొట్ల పందిళ్లకి గుంజలు పాతినవంటారు. రోజుకి వేలకి వేల బానిసల్ని దించి అదే రోజు అమ్మి పంపగలిగే రేవు ఇదని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. ఆ మనుషుల్ని పట్టుకొచ్చేవాళ్లలో దొంగలే ఎక్కువ, కొనేది ఎక్కువగా రోమ్ డబ్బున్నోళ్లు. అంటే దొంగల్ని పెంచింది వాళ్లే అనుకోవచ్చు, నాకైతే అలాగే అనిపిస్తుంది.

అక్కడ్నుంచి ఇటాలియన్ల అగోరాకి నడవండి, చాలా పెద్ద ఆవరణ. బానిసల సంత ఇదేనని కొందరు, కాదని కొందరు, పండితుల్లో ఇంకా తేలలేదు.

తర్వాత ట్రయారియస్ గోడ. క్రీ.పూ. 88లో రోమ్‌తో యుద్ధం చేస్తున్న పాంటస్ (నల్లసముద్ర తీరం) రాజు మిత్రదాత సైన్యం దీవిని ఊచకోత కోసింది, 69లో ఆయన పక్షాన ఉన్న అథెనొడోరస్ అనే దొంగల నాయకుడు మళ్లీ దోచాడు, అప్పుడు రోమన్ అధికారి ట్రయారియస్ ఊరి చుట్టూ ఈ గోడ కట్టించాడు. ఇప్పుడు అక్కడక్కడా ముక్కలే మిగిలాయి కాబట్టి గేటు దగ్గర మ్యాప్ తీసుకుని గుర్తుపట్టండి. రెండేళ్లకి, 67లో, రోమన్ సేనాని పాంపే వచ్చి సముద్రం మొత్తం దొంగల్ని మూడు నెలల్లో ఊడ్చేశాడు గానీ డెలోస్ వ్యాపారం మాత్రం మళ్లీ లేవలేదు.

నీడ దాదాపు ఉండదు, టోపీ, నీళ్లు తప్పనిసరి. రాత్రి ఉండనివ్వరు, చివరి బోటు టైమ్ దిగేటప్పుడే కనుక్కోండి.