ప్రొటెక్షన్ వీసా తిరస్కరణపై ఆస్ట్రేలియాలో న్యాయ సమీక్ష: దరఖాస్తు విధానం

ప్రొటెక్షన్ వీసా (సబ్‌క్లాస్ 866, స్వదేశానికి వెళితే ప్రమాదం ఉందనేవారు రక్షణ కోసం కోరే వీసా) దరఖాస్తును ఆస్ట్రేలియా హోం వ్యవహారాల శాఖ తిరస్కరించి, ఆ శాఖ నిర్ణయాలను పునఃపరిశీలించే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రైబ్యునల్ కూడా దాన్నే ఖాయపరిస్తే, ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టు రెండో డివిజన్‌లో న్యాయ సమీక్ష కోరవచ్చు. ట్రైబ్యునల్‌ను దాటేసి నేరుగా కోర్టుకు వెళ్లడం సాధారణంగా కుదరదు.

గడువు 35 రోజులు. ఈ లెక్క ట్రైబ్యునల్ నిర్ణయం తేదీ నుంచి మొదలవుతుంది తప్ప ఈమెయిల్ తెరిచిన రోజు నుంచో, ఏజెంటు ఫోన్ చేసి చెప్పిన రోజు నుంచో కాదు. గడువు దాటితే జాప్యానికి కారణాలు చూపుతూ పొడిగింపును రాతపూర్వకంగా కోరాలి. జడ్జి దాన్ని నిరాకరిస్తే ఆ నిరాకరణపై ఫెడరల్ కోర్టుకు అప్పీలు ఉండదు కాబట్టి, పొడిగింపు ఉంది కదా అని నిదానించకండి.

దరఖాస్తు ఫారం, ట్రైబ్యునల్ నిర్ణయం ప్రతిని జతచేసిన అఫిడవిట్, కోర్టు ఫీజు (ఆర్థిక ఇబ్బంది ఉంటే తగ్గింపు అడగవచ్చు) ఉంటే ఆన్‌లైన్‌లో దాఖలు చేయడం కష్టమేమీ కాదు. అసలు చిక్కంతా ఫారంలో ‘ఆధారాలు’ (గ్రౌండ్స్, అంటే ట్రైబ్యునల్ చట్టపరంగా ఏ తప్పు చేసిందన్నది) రాయాల్సిన చోటే ఉంది.

చాలామంది అక్కడ తమ కథనే మళ్లీ రాస్తారు: ఊరికి వెళితే చంపేస్తారు, ట్రైబ్యునల్ నమ్మలేదు, మీరైనా నమ్మండి అని. అది ఎంత నిజమైనా ఈ కోర్టు దాన్ని విచారించదు. మీకు రక్షణ ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి తేల్చరు. ట్రైబ్యునల్ చట్టప్రకారం నడుచుకుందా లేదా అన్నదే చూస్తారు. ఉదాహరణకు, కులాంతర వివాహం చేసుకున్నందుకు అమ్మాయి బంధువుల నుంచి, అప్పు విషయంలో ఒక రాజకీయ నాయకుడి మనుషుల నుంచి, ఇలా ఇద్దరి నుంచి ప్రాణభయం ఉందని మీరు చెప్పారనుకుందాం. నిర్ణయంలో రెండోదాని ఊసే లేకపోతే అది ఆధారం. ‘ట్రైబ్యునల్ అన్యాయం చేసింది’ అని కాకుండా, ఆ విషయం ఏ పత్రంలో చెప్పారో, నిర్ణయంలో ఏ పేరాల్లో దాన్ని చర్చించి ఉండాల్సిందో చూపాలి. ఆ తప్పు జరగకపోయి ఉంటే ఫలితం మారే అవకాశం ఉండేదని కూడా కనిపించాలి. విచారణలో దుబాసీ తప్పుగా అనువదించారన్నది మీ ఫిర్యాదైతే, విచారణ ఆడియో రికార్డింగు తెప్పించుకుని ఏ మాట ఎలా మారిందో సాక్ష్యంగా పెట్టాలి. ఉత్త ఆరోపణ నిలవదు.

సరిగ్గా ఇక్కడే మధ్యవర్తులు దిగుతారు. ఇలాంటి కేసు దాఖలు చేసే న్యాయవాది, గెలిచే సహేతుకమైన అవకాశం ఉందని రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. ఆ సంతకం పెట్టలేని వారు అందరికీ ఒకే మూసలో ఆధారాలు రాసి, మీరే స్వయంగా వేసుకున్నట్టు దాఖలు చేయిస్తారు. ఓడితే, కేసులో ఎదుటి పక్షమైన ఇమిగ్రేషన్ మంత్రి తరఫు ఖర్చులు కట్టమని కోర్టు మిమ్మల్ని ఆదేశించవచ్చు. మైగ్రేషన్ ఏజెంటు రిజిస్టరైనవారే అయినా, న్యాయవాది కాకపోతే కోర్టులో మీ తరఫున వాదించలేరు.

ఏజెంటు మోసం వల్లే ట్రైబ్యునల్ విచారణకు వెళ్లకపోయినవారు ఆ సంగతి దాచుకోనక్కర్లేదు. ఎస్‌జెడ్‌ఎఫ్‌డీఈ కేసులో సరిగ్గా అలాంటి మోసం జరిగిందని తేలడంతో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 2007లో దరఖాస్తుదారుల పక్షానే తీర్పు ఇచ్చింది. అయితే ఏజెంటు అశ్రద్ధ వేరు, మోసం వేరు. అశ్రద్ధ ఒక్కటే సాధారణంగా సరిపోదు.

కోర్టులో వేసినంత మాత్రాన బ్రిడ్జింగ్ వీసా (కేసు తేలేదాకా దేశంలో ఉండనిచ్చే తాత్కాలిక వీసా) దానంతటదే కొనసాగదు. అందుకు హోం వ్యవహారాల శాఖకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. గెలిచినా చేతికి వీసా రాదు, కేసు తిరిగి ట్రైబ్యునల్‌కు వెళుతుంది. పని అనుమతి కోసమే ఈ దారి పట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఈ రెండు సంగతులూ వారినే అడిగి చూడండి.

పేరు బయటపడుతుందన్న భయంతో ఆగిపోకండి. ప్రొటెక్షన్ వీసా కేసుల్లో దరఖాస్తుదారు పేరు కోర్టు ప్రచురించకూడదని చట్టంలోనే ఉంది. పైన చెప్పిన ‘ఎస్‌జెడ్‌ఎఫ్‌డీఈ’ కూడా అలా పేరుకు బదులు పెట్టిన గుర్తే.