ఇంజెక్టర్ టెస్ట్ చేద్దామని బానెట్ ఎత్తే ముందు ఇది చదవండి

బండి మిస్ కొడుతోంది, పికప్ లేదు, పొద్దున సెల్ఫ్ కొడితే మూడోసారికి గానీ అందుకోవట్లేదు, స్కానర్ పెడితే పీ0302 అనే ఎర్రర్ కోడ్ వచ్చింది, సరే ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ మనమే చెక్ చేసేద్దాం అని ఈమధ్య చాలామంది ఇంటి దగ్గరే మొదలుపెడుతున్నారు. మంచిదే. మల్టీమీటర్, నోయిడ్ లైట్ (ఇంజెక్టర్ వైర్లకి సిగ్నల్ వస్తోందో లేదో చూపించే చిన్న లైట్), చిన్న బ్లూటూత్ స్కానర్ ఇప్పుడు ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి, ఏ సిలిండర్‌లో తేడా ఉందో మనకే తెలిస్తే షెడ్‌లో నాలుగు ఇంజెక్టర్లూ మార్చేయాలి అన్నప్పుడు ధైర్యంగా ఎందుకు అని అడగొచ్చు. కానీ పానా పట్టుకునే ముందు ఒక్క విషయం ఖచ్చితంగా తెలుసుకోండి, మీ బండి మామూలు ఎంపీఎఫ్ఐ (సిలిండర్ బయటే పెట్రోల్ చిమ్మే) పెట్రోలా, డైరెక్ట్ ఇంజెక్షన్ (నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) పెట్రోలా, సీఆర్‌డీఐ (ఎక్కువ ప్రెజర్ కామన్ రైల్) డీజిలా అని. ఎందుకంటే ఒక బండికి మామూలుగా చేసే పని ఇంకో బండికి చేస్తే చేతి వేలే పోతుంది, నేను పెద్దగా చేసి చెప్పట్లేదు.

ఎంపీఎఫ్ఐ బండిలో ఇంజెక్టర్ల దగ్గర పెట్రోల్ ప్రెజర్ సుమారు 3, 4 బార్ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ అయితే 200 బార్, కొన్ని కొత్త ఇంజన్లలో 350 దాకా కూడా. సీఆర్‌డీఐ డీజిల్ అయితే ఐడ్లింగ్‌లోనే 250, 300 బార్ ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే 1600, కొన్నిటికి 2000. కారు టైర్‌లో మనం కొట్టించే గాలి 2 బార్ చిల్లర, దాంతో పోల్చుకోండి.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. పాత ట్రాక్టర్లకీ లారీలకీ పాత జీపులకీ మిస్ ఎక్కడుందో చూడాలంటే మేస్త్రిలు ఇంజన్ ఆన్‌లో ఉండగానే ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటీ లూజ్ చేసి చూసేవాళ్లు, ఏది లూజ్ చేస్తే ఇంజన్ శబ్దం మారలేదో ఆ సిలిండర్ పనిచేయట్లేదని లెక్క. నాకు పని నేర్పిన మేస్త్రి గారు కూడా అలాగే చేసేవాడు, ఆయన చెవికి స్కానర్ అక్కర్లేదు. ఆ అలవాటు ఇప్పటికీ చాలా షెడ్లలో ఉంది, వాళ్ల అనుభవం మీద నాకు గౌరవమే, కానీ సీఆర్‌డీఐ బండికి ఆ పని చేయనివ్వకండి, పక్కన నిలబడి చూడకండి కూడా. ఆ పైపు సన్నగా లీక్ అయినా డీజిల్ సూదిలా వస్తుంది, కంటికి సరిగ్గా కనపడదు, చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. నైట్రైల్ గ్లౌజులు, లెదర్ గ్లౌజులు దాన్ని ఆపలేవు.

తెలిసిన షెడ్‌లో ఒక కుర్రాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, పైపు దగ్గర తడిగా ఉందని ఎడమచేతి చూపుడు వేలు పెట్టి తడిమి చూశాడు. చిన్న చుక్క, చీమ కుట్టినంత, రక్తం కూడా సరిగ్గా రాలేదు. వేస్ట్‌గుడ్డతో తుడుచుకుని మళ్లీ పనిలో పడ్డాడు. రాత్రి తొమ్మిదింటికి వేలు వంకాయలా వాచి నొప్పి అరచేతిలోకి ఎక్కింది, తెల్లారి ఆపరేషన్ చేసి లోపలంతా కడిగారు, ఇప్పటికీ ఆ వేలు పూర్తిగా మడత పడదు. పోయిన కాస్త టైమే అంత పని చేసింది.

అందుకే ఇది గుర్తుపెట్టుకోండి, ప్రెజర్ డీజిల్ గానీ పెట్రోల్ గానీ చర్మంలోకి దూరిందని అనుమానం వచ్చినా చాలు, నొప్పి ఉన్నా లేకపోయినా వెంటనే సర్జన్ ఉండే పెద్ద హాస్పిటల్‌కి వెళ్లాలి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. వీధి చివర క్లినిక్‌లో టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికి రావద్దు. డాక్టర్ గారికి "గుచ్చుకుంది" అని చెప్పకండి, "ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ వేలు లోపలికి వెళ్లింది" అని అదే మాట చెప్పండి, పైకి చూస్తే చిన్న గాయంలా ఉంటుంది కాబట్టి మీరు చెప్పకపోతే వాళ్లకీ అర్థం కాకపోవచ్చు. పిండటం, కోసి చూడటం లాంటివి చేయొద్దు. దారిలో ఏమీ తినొద్దు, ఆపరేషన్ అవసరం పడొచ్చు.

మరి సీఆర్‌డీఐకి లీక్ ఎలా చూడాలి అంటే పొడుగు కర్రకి అట్టముక్క కట్టి దూరం నుంచి పైపు దగ్గర పెట్టండి, తడి అట్ట మీద పడుతుంది. ఏ హై ప్రెజర్ నట్ అయినా విప్పాల్సి వస్తే ఇంజన్ ఆపి కనీసం పది నిమిషాలు ఆగండి, స్కానర్‌లో రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఇంధనం పంచే గొట్టం) ప్రెజర్ సున్నాకి వచ్చిందో లేదో చూసి, నట్ మీద మందపాటి గుడ్డ కప్పి, మొహం పక్కకి పెట్టుకుని విప్పండి. కళ్లద్దాలు తప్పనిసరి, దాని మీద చర్చ అక్కర్లేదు.

డీజిల్‌లో ఇంటి దగ్గర చేయగలిగిన మంచి టెస్ట్ రిటర్న్ టెస్ట్. ఇంజెక్టర్ల పైన సన్న రిటర్న్ పైపులు ఉంటాయి, వాటిలో ప్రెజర్ చాలా తక్కువ, అవి తీసి నాలుగు సన్న గొట్టాలు ఎక్కించి నాలుగు సీసాల్లోకి వదిలి ఇంజన్ కొన్ని నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచాలి. నేను చివరిసారి చేసినప్పుడు మూడు సీసాల్లో అడుగున వేలెడు డీజిల్ ఉంటే మూడో సిలిండర్ సీసా సగానికి పైగా నిండింది, అంటే ఆ ఇంజెక్టర్ లోపల అరిగి ప్రెజర్ అంతా వెనక్కి వదిలేస్తోంది, పొద్దున బండి అందుకోకపోవడానికి అదే కారణం. కానీ ఈ టెస్ట్ సోలినాయిడ్ (అయస్కాంత కాయిల్‌తో తెరుచుకునే) ఇంజెక్టర్లకే. పీజో (కరెంట్ ఇస్తే సాగే స్ఫటికాలతో పనిచేసే) ఇంజెక్టర్లకి రిటర్న్ లైన్‌లో కొంత ప్రెజర్ ఉండాలి, పైపు తీసేస్తే పనిచేయవు, వాటి జోలికి ఇంట్లో వెళ్లొద్దు. ఇంకా ముఖ్యం, పీజో ఇంజెక్టర్ కప్లర్‌ని (వైర్లు తగిలించే సాకెట్‌ని) ఇంజన్ ఆన్‌లో ఉండగా ఎప్పుడూ లాగొద్దు, తెరుచుకున్న ఇంజెక్టర్ అలాగే తెరిచి ఉండిపోయి సిలిండర్‌లోకి డీజిల్ పోస్తూ ఉంటుంది, ఇంజనే పోవచ్చు. కరెంట్ సంగతి కూడా చూసుకోండి, 12 వోల్టుల బ్యాటరీయే కదా అనుకోకండి, పీజోకి 100 వోల్టులు దాటి వెళ్తుంది, సోలినాయిడ్ సీఆర్‌డీఐలో, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్‌లో కూడా తెరిచేటప్పుడు 60, 80 వోల్టులు ఉంటుంది. ఇంజన్ ఆన్‌లో ఉంటే ఆ వైర్లకి మామూలు టెస్ట్ ల్యాంప్ గుచ్చి చూడొద్దు.

ఇక ఎంపీఎఫ్ఐ పెట్రోల్. ప్రెజర్ తక్కువ, కానీ మంట భయం చాలా ఎక్కువ. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నేల మీద పరుచుకుని పల్లంలోకి చేరుతుంది. హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో అందరి పార్కింగ్ సెల్లార్‌లోనే, గాలి ఆడదు, పక్కనే కరెంట్ మీటర్లు, నీళ్ల మోటర్, ఎవరో వచ్చి స్కూటర్ స్టార్ట్ చేస్తారు, శుక్రవారం అయితే ఎవరో బండికి హారతి ఇస్తారు. అక్కడ ఫ్యూయల్ రైల్ విప్పొద్దు, దయచేసి. బయట ఖాళీ జాగాలో నీడలో పెట్టుకోండి, మే నెల ఎండలో అయితే తెల్లవారుజామునే చేసుకోండి. చేతికందే దూరంలో డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి, నీళ్ల బకెట్ పెట్టుకుంటే లాభం లేదు, పెట్రోల్ నీళ్ల మీద తేలి ఇంకా పరుచుకుంటుంది. వెలుతురుకి హాలోజన్ దీపం వద్దు, ఎల్ఈడీ వాడండి. ఫోన్ చూస్తూ పక్కన సిగరెట్ కాల్చే స్నేహితుడిని మొహమాటం లేకుండా దూరం పంపండి. సీఎన్‌జీ కిట్ ఉంటే ముందు సిలిండర్ వాల్వ్ కట్టేయండి, దాని సిస్టమ్ కిట్ వాళ్లకే వదిలేయండి.

విప్పడానికి ముందు ప్రెజర్ తీసేయాలి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ గానీ రిలే గానీ తీసి ఇంజన్ స్టార్ట్ చేస్తే కాసేపటికి దానంతట అదే ఆగిపోతుంది, ఇంకోసారి రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టి, ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయండి. అయినా కొంచెం పెట్రోల్ ఉంటుంది, గుడ్డ కప్పి నెమ్మదిగా విప్పాలి.

అసలు పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్ అని మాత్రమే, ఇంజెక్టర్ పోయిందని కాదు. ప్లగ్గు, కాయిల్ ముందు చూడండి. పీ0201 నుంచి పీ0204 వరకు వస్తే అది ఇంజెక్టర్ వైరింగ్ వైపు చెప్తుంది. కీ ఆఫ్ చేసి కప్లర్ తీసి ఓమ్స్ కొలిస్తే చాలా ఎంపీఎఫ్ఐ ఇంజెక్టర్లు 11 నుంచి 16 మధ్య చూపిస్తాయి, నాలుగూ దగ్గరదగ్గరగా ఉండటం ముఖ్యం. కప్లర్‌లో నోయిడ్ లైట్ పెట్టి సెల్ఫ్ కొడితే మిణుకుమిణుకుమంటుంది, అంటే ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్), వైరింగ్ బాగున్నట్టే. నోయిడ్ లైట్ బదులు బల్బు ల్యాంప్ వాడొద్దు, ఎక్కువ కరెంట్ లాగి ఈసీయూ లోపల ఇంజెక్టర్‌ని నడిపే డ్రైవర్ సర్క్యూట్ కొట్టేస్తే ఇంజెక్టర్ ఖర్చు కంటే ఎన్నో రెట్లు. ఇంజన్ ఆన్‌లో మిస్ ఎక్కడుందో వెతకడానికి కాయిల్ కప్లర్ పీకకండి, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగని శుభ్రం చేసే భాగంలోకి) వెళ్లి అది ఎర్రగా కాలిపోతుంది, ఇంజెక్టర్ కప్లర్ తీస్తే పెట్రోలే ఆగిపోతుంది కాబట్టి అదే మేలు, స్కానర్‌తో ఆపగలిగితే ఇంకా మంచిది. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి టిక్‌టిక్ వినేవాళ్లు చున్నీ, లూజు చొక్కా చేతులు ఫ్యాన్ బెల్ట్‌కి దూరంగా ఉంచుకోండి.

యూట్యూబ్‌లో చూసి ఇంజెక్టర్ బయటకి తీసి బ్యాటరీ డైరెక్ట్‌గా ఇచ్చి కార్బ్ క్లీనర్ స్ప్రే చేయడం చాలామంది చేస్తున్నారు. క్లిప్పు తగిలించే క్షణంలో నిప్పురవ్వ లేస్తుంది, స్ప్రే నిండా మండే ద్రవమే, రెండూ ఒకే చోట ఉంటాయి. పైగా 12 వోల్టులు పట్టి ఉంచితే కాయిల్ వేడెక్కి కాలిపోతుంది, ముఖ్యంగా రెండు మూడు ఓమ్స్ ఉండే రకం. దీనికి ఇంజెక్టర్ క్లీనింగ్ మెషీన్ ఉన్న షాపుకి తీసుకెళ్లండి, గాజు గొట్టాల్లో నాలుగిటి స్ప్రే పక్కపక్కన కనపడుతుంది, మీ ముందే చేయమనండి. డీజిల్ ఇంజెక్టర్ అయితే టెస్ట్ బెంచ్ రిపోర్ట్ ప్రింట్ అడగండి. కొత్తది వేస్తే చాలా సీఆర్‌డీఐ బండ్లలో ఇంజెక్టర్ మీద ఉన్న కోడ్ ఈసీయూలో ఎక్కించాలి, సిలిండర్లు మార్చి పెట్టినా అంతే, కింద రాగి వాషర్ పాతది మళ్లీ వేయొద్దు.

ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన కూడా చూడండి, పెట్రోల్ వాసన వస్తే ఏదో ఇంజెక్టర్ కారుతోందన్నమాట, ఆయిల్ పలచబడితే బేరింగులు పోతాయి, అది మార్చేదాకా దూరం తిప్పకండి.

బిగించేటప్పుడు ఓరింగులు కొత్తవి వేసి ఇంజన్ ఆయిల్ రాసి నెట్టండి, పొడిగా నెడితే చిరుగుతాయి. తర్వాత తీసిన ఫ్యూజ్ గానీ రిలే గానీ తిరిగి పెట్టి, బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు, కీ రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆఫ్ చేయండి, పంప్ ప్రెజర్ ఎక్కిస్తుంది, అప్పుడు టార్చ్ వేసి నాలుగు ఇంజెక్టర్ల చుట్టూ, పైపు జాయింట్ దగ్గర ఒక్కో నిమిషం చూడండి, తడి లేదు వాసన లేదు అని నమ్మకం కుదిరాకే స్టార్ట్ చేయండి.