ఇంటి ఎలక్ట్రానిక్స్, ఆరో పాఠం: చీకటి పడితే కూసే కీచురాయి

ఈసారి చేయబోయేది కీచురాయి. గదిలో దీపం వెలిగినంతసేపూ నోరు మెదపదు, దీపం ఆర్పగానే మొదలుపెడుతుంది. పోయిన పాఠంలో వెలుతురు ఈలకు వాడిన 40106 ఐసీయే (చిన్న సర్క్యూట్లు లోపల ఇమిడి ఉన్న చిప్పు) దీనికీ ఆధారం. కాబట్టి ముందు ఆ ఈల సంగతి తేల్చుకోవాలి. చాలామందికి అది సరిగా పలకలేదు.

మీరు చెప్పిన ఇబ్బందులన్నీ వరుసగా పెట్టి చూశాను. చెయ్యి దగ్గరికి తెస్తే స్వరం మారుతోంది. టేబుల్ మీద పెడితే పలుకుతోంది, చేతిలోకి తీసుకుంటే గరగరమంటోంది. రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ అయిపోతోంది. ఐసీ వేడెక్కుతోంది. ఇవి నాలుగు జబ్బుల్లా కనిపిస్తాయి గాని, దాదాపు అందరి విషయంలోనూ కారణం ఒక్కటే: వాడని ఇన్‌పుట్లను గాలిలో వదిలేశారు. వాటిని గ్రౌండుకు కలపమని పోయిన పాఠంలో ఒక వాక్యం ఉంది. ఒకటే వాక్యం కదా అని దాటేశారు. ఈసారి దాటనివ్వను.

40106 లోపల ఆరు ఇన్వర్టర్లు ఉంటాయి. ఇన్వర్టరు అంటే ఇక్కడ ఇంట్లో కరెంటు పోతే వాడేది కాదు; ఇన్‌పుట్ వోల్టేజీ పైన (ప్లస్ దగ్గర) ఉంటే అవుట్‌పుట్‌ను కింద (గ్రౌండు దగ్గర), కింద ఉంటే పైన పెట్టే చిన్న సర్క్యూట్. ఈలకు మనం వాడింది ఒక్కదాన్నే. మిగిలిన అయిదింటికీ తీగ పెట్టలేదు కాబట్టి అవి పని చేయడం లేదని మీరు అనుకున్నారు. అవి పని చేస్తూనే ఉంటాయి. ఐసీకి కరెంటు ఇస్తే ఆరూ మేలుకుంటాయి, ఇన్‌పుట్‌లో ఏముందో ఆరూ చూస్తుంటాయి. ఏమీ కలపని పిన్నులో ఉండేది సున్నా కాదు, ఏదైనా కావచ్చు. మన ఐసీ సీమాస్ అనే రకానిది. సీమాస్ ఇన్‌పుట్ అంటే పల్చటి ఆక్సైడ్ పొర వెనక ఉన్న చిన్న లోహపు పలక లాంటిది. దానిలోకి కరెంటు దాదాపుగా పోదు. అంటే దాన్ని కదిలించడానికి అతి స్వల్పమైన విద్యుదావేశం చాలు. గోడలోని కరెంటు తీగల నుంచి సెకనుకు 50 లేదా 60 సార్లు ఊగే విద్యుత్ క్షేత్రం మీ ఒంటి మీదికి వస్తుంది, మీ వేలి నుంచి ఆ పిన్ను మీదికి వస్తుంది. ఇన్వర్టరు దాన్ని నమ్మి పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడం సరఫరా తీగలోకి పాకి పక్కనున్న మీ ఈల స్వరాన్ని వణికిస్తుంది.

బ్యాటరీ సంగతీ ఇక్కడే ఉంది. ఇన్‌పుట్ పూర్తిగా పైన గాని, పూర్తిగా కింద గాని ఉంటే లోపలి రెండు ట్రాన్సిస్టర్లలో ఒకటి మూసుకుని ఉంటుంది, కరెంటుకు దారి లేదు. ఇన్‌పుట్ నడిమధ్య వోల్టేజీ దగ్గర తేలుతుంటే రెండూ సగం సగం తెరుచుకుంటాయి. ప్లస్ నుంచి గ్రౌండు దాకా నేరుగా దారి ఏర్పడుతుంది. అలా అయిదు దారులు రాత్రంతా తెరిచి ఉంటే బ్యాటరీ మిగలదు.

ఇంకో చిక్కు, నాకు బాగా కోపం తెప్పించేది. "మీటరు పెట్టి చూశాను, ఆ పిన్ను దగ్గర సున్నాయే ఉంది" అని కొందరు వాదించారు. మీటరు పెట్టినప్పుడు సున్నాయే చూపిస్తుంది! మామూలు డిజిటల్ మల్టీమీటరులో 10 మెగా ఓమ్‌ల నిరోధం ఉంటుంది. తాకించిన క్షణంలో ఆ నిరోధమే పిన్నును గ్రౌండుకు లాగేస్తుంది. కొలిచినంతసేపూ జబ్బు నయమవుతుంది, మీటరు తీయగానే తిరగబెడుతుంది. తేలే పిన్నును మీటరుతో పట్టుకోలేరు. కళ్లతో పట్టుకోవాలి: ప్రతి ఇన్‌పుట్ నుంచీ ఒక తీగ ఎక్కడికో ఒకచోటికి వెళ్తోందా, లేదా?

ఇది విన్నవారిలో సగం మంది వెంటనే చేసే పొరపాటు కూడా చెప్పేస్తాను. ఇన్‌పుట్లతో పాటు వాడని అవుట్‌పుట్లను కూడా గ్రౌండుకు కలిపేస్తారు. ఇన్వర్టరు ఇన్‌పుట్ కింద ఉంటే అవుట్‌పుట్ పైన ఉంటుంది. దాన్ని గ్రౌండుకు కలిపితే షార్ట్. ఇన్‌పుట్లు 1, 3, 5, 9, 11, 13. అవుట్‌పుట్లు 2, 4, 6, 8, 10, 12. వాడని ఇన్‌పుట్ గ్రౌండుకు, వాడని అవుట్‌పుట్ ఖాళీగా. ప్లస్ 14కు, గ్రౌండు 7కు.

ఐసీ మొదటి నిమిషంలోనే కాలిపోయినవారు దాని మీద రాసింది ఒకసారి చదవండి. 74హెచ్‌సీ14 అని ఉంటే అది వేరే ఐసీ. పిన్నుల వరుస ఒకటే, పనీ ఒకటే, కాని 6 వోల్టులకు మించి తట్టుకోదు. మన బ్యాటరీ 9 వోల్టులది.

ఇక కీచురాయి. మన ఇన్వర్టర్లు మామూలువి కావు, ష్మిట్ ట్రిగ్గర్లు. సరఫరా వోల్టేజీలో సగానికి కాస్త పైన ఒక గీత, కాస్త కింద ఇంకో గీత ఉంటాయి. పైగీత దాటితే గాని ఒప్పుకోదు, కింది గీతకు దిగితే గాని మనసు మార్చుకోదు. 1934లో ఈ సర్క్యూట్‌ను కనిపెట్టినప్పుడు ఒట్టో ష్మిట్ ఇంకా పరిశోధక విద్యార్థి. స్క్విడ్ అనే సముద్రజీవి నాడుల్లో సంకేతాలు ఎలా పోతాయో పరిశీలిస్తూ ఆయన దీని దగ్గరికి వచ్చాడు. ఒక ప్రాణి నాడి నుంచి పుట్టిన సర్క్యూట్‌తో ఇంకో ప్రాణి గొంతు చేయబోతున్నామని తలచుకుంటే నాకు ఎంతో ఇష్టంగా ఉంటుంది.

అసలు కీచురాయి కూత సుమారు 4,000 నుంచి 5,000 హెర్ట్జ్ స్వరం. అది ఏకధాటిగా రాదు. సెకనుకు 30 చొప్పున తునకలు తునకలుగా తెగుతుంది. మూడు నాలుగు తునకలు కలిస్తే ఒక కీచు, తర్వాత కాసేపు మౌనం. అంటే మనకు మూడు ఆసిలేటర్లు (తమంతట తామే పైకీ కిందికీ ఊగే సర్క్యూట్లు) కావాలి: నిదానంగా నడిచేది, మధ్యది, వేగంది. మూడింటికీ పద్ధతి ఈలదే: అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు రెసిస్టర్, ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు కెపాసిటర్.

నిదానంది 1, 2 పిన్నుల మీద: 100 కిలో ఓమ్‌లు, 10 మైక్రోఫారడ్లు. మధ్యది 3, 4 మీద: 470 కిలో ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్. వేగంది 5, 6 మీద: 27 కిలో ఓమ్‌లు, 0.01 మైక్రోఫారడ్. ఈ విలువలు పట్టుకుని లెక్కలు వేయకండి. గీతల ఎత్తు తయారీదారును బట్టి మారుతుంది, కాబట్టి లెక్క ఎలాగూ తప్పుతుంది. నేను రెసిస్టర్ బదులు పొటెన్షియోమీటర్ (తిప్పితే నిరోధం మారేది) పెట్టి, చెవికి నచ్చేదాకా తిప్పి, తీసి మీటరుతో కొలిచి, దానికి దగ్గరి రెసిస్టర్ పెట్టేస్తాను. పీజో బిళ్లను (వోల్టేజీ మారినప్పుడల్లా కదిలి శబ్దం చేసేది) గ్రౌండుకూ ఒక్కో అవుట్‌పుట్‌కూ తాకించి వినండి: 2 దగ్గర అప్పుడప్పుడు టిక్కుమనాలి, 4 దగ్గర బర్రుమనాలి, 6 దగ్గర సన్నటి ఈల రావాలి. మూడూ విడివిడిగా పలకనిదే ముందుకు వెళ్లకండి. పీజో అంటే ఉత్త బిళ్ల. బ్యాటరీకి కలపగానే తనంతట తానే అరిచే బజర్ ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు ఒకటి ఇంకొకదాని నోరు మూయాలి. దానికి రెండు 1ఎన్4148 డయోడ్లు. డయోడ్ కరెంటును ఒక్క వైపుకే, తన మీదున్న గీత వైపుకే పోనిస్తుంది. మొదటిది 2 నుంచి 3కు, గీత 3 వైపు. రెండోది 4కూ 5కూ మధ్య, గీత 4 వైపు. రెండూ ఒకే దిక్కుకు పెట్టకండి. 2 పైన ఉన్నప్పుడు మొదటి డయోడ్ 3ను పైకి పట్టి ఉంచుతుంది, మధ్యది ఆగిపోతుంది. ఆగినప్పుడు 4 కిందే ఉండిపోతుంది. రెండో డయోడ్ ఆ కింది వోల్టేజీని 5కు అందించాలి, అప్పుడే వేగంది కూడా ఆగుతుంది. తిప్పి పెడితే మౌనంగా ఉండాల్సిన చోట ఏకధాటి ఈల వస్తుంది.

కీచు మరీ పొడుగ్గా వస్తుంది. ఇంకో డయోడ్, 33 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వరుసగా కలిపి 1కీ 2కీ మధ్య పెట్టండి, గీత 2 వైపు చూడాలి. కెపాసిటర్ త్వరగా ఖాళీ అయి కీచు మూడు నాలుగు తునకలకు కుదించుకుంటుంది. ఇది తప్పనిసరి కాదు, కాని ఇది లేని కూత నాకు కీచురాయిలా వినిపించదు.

శబ్దం పెంచడానికి నాలుగో ఇన్వర్టరు: 6 నుంచి 9కి తీగ వేసి, పీజోను 6కూ 8కీ మధ్య కలపండి. ఒకటి పైకి పోతే ఇంకొకటి కిందికి వస్తుంది, పీజోకు రెట్టింపు ఊపు. మిగిలినవి 11, 13. ఏం చేయాలో ఇప్పుడు మీకు తెలుసు.

వెలుతురు భాగం ఒక్క ఎల్‌డీఆర్‌తో (వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టర్‌తో) అయిపోతుంది. దాన్ని 1 నుంచి గ్రౌండుకు, కెపాసిటర్ పక్కనే పెట్టండి. వెలుగులో దాని నిరోధం కొన్ని కిలో ఓమ్‌లకు పడిపోయి 1ని కిందే పట్టి ఉంచుతుంది. 2 పైకి పోతుంది, అంతా మౌనం. చీకట్లో నిరోధం మెగా ఓమ్‌ల దాకా పెరిగి అడ్డు తొలగిపోతుంది. గది కాస్త మసకబారగానే కూస్తుంటే 100 కిలో ఓమ్‌లను పెంచండి.

అభ్యాసం కష్టంగానే ఉంటుంది, ఒక పూట పెట్టుకోండి. చలి పెరిగితే కీచురాయి నెమ్మదిస్తుంది. ఏమోస్ డోల్బేర్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త 1897లో దీనికి ఒక సూత్రం ప్రచురించాడు. సెల్సియస్‌లో సుమారుగా చెప్పాలంటే, నిమిషానికి వచ్చే కీచుల్లోంచి 40 తీసేసి, 7తో భాగించి, 10 కలిపితే ఉష్ణోగ్రత. మన 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తీసి, 25 డిగ్రీల దగ్గర 100 కిలో ఓమ్‌లు ఉండే ఎన్‌టీసీ థర్మిస్టర్‌ను (చలి పెరిగితే నిరోధం పెరిగే రెసిస్టర్‌ను) పొడుగు తీగలతో పెట్టండి. ఎల్‌డీఆర్ తాత్కాలికంగా తీసేయండి, లేకపోతే అది కొలతలో వేలు పెడుతుంది. 25 డిగ్రీల దగ్గర నిమిషానికి 145 కీచులు వచ్చేలా 1 దగ్గరి కెపాసిటర్‌ను సరిచేయండి. థర్మిస్టర్‌ను మాత్రం ఒక థర్మామీటరుతో కలిపి ఫ్రిజ్‌లోకి పంపి, 20, 15, 10 డిగ్రీల దగ్గర కీచులు లెక్కపెట్టండి.

సూత్రం ప్రకారం 10 డిగ్రీల దగ్గర 40 రావాలి. మీకు 70కి పైనే వస్తాయి, ఎందుకంటే ఆ 15 డిగ్రీల తేడాకు థర్మిస్టర్ నిరోధం సుమారు రెట్టింపే అవుతుంది. సూత్రం చెప్పే గీత, మీ లెక్కల గీత రెండూ ఒకే కాగితం మీద గీసి, ఏ డిగ్రీ దాకా మన కీచురాయిని నమ్మవచ్చో గుర్తుపెట్టండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.