ఇంట్లో లైట్లు మినుకుమినుకుమంటుంటే లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా

లైటు మినుకుమినుకుమనగానే కొత్త బల్బు కొనే ముందు, అది ఒక్క బల్బులోనే కనిపిస్తోందా, గది మొత్తంలోనా, ఇల్లంతటానా అన్నది గమనించాలి. ఏ సమయంలో, ఏ పరికరం నడుస్తున్నప్పుడు అలా జరుగుతోందో కూడా చూస్తే, స్క్రూడ్రైవరు పట్టకుండానే వెతకవలసిన చోటు చాలావరకు తేలిపోతుంది.

ఒక్క బల్బే అయితే, స్విచ్చు ఆపి, బల్బు చల్లారాక హోల్డరులో సరిగ్గా బిగించి చూడాలి. ఆ తరువాత దాన్ని బాగా వెలుగుతున్న మరో చోట పెట్టాలి. అక్కడా మినుకుమంటే లోపం బల్బుదే. ఎల్‌ఈడీ బల్బుల్లో తరచుగా వేడికి ముందు దెబ్బతినేది లోపలి డ్రైవర్ సర్క్యూట్ (బల్బుకు తగినట్టు కరెంటును మార్చి అందించే భాగం) కాబట్టి, గాలి ఆడని మూసిన డోముల్లో పెట్టినవి త్వరగా పాడవుతాయి. మార్చి పెట్టిన చోట బల్బు నిలకడగా వెలిగితే, పాత చోట హోల్డరు లోపలి స్ప్రింగులు పట్టు కోల్పోయి ఉండవచ్చు, లేదా స్విచ్చు అరిగి ఉండవచ్చు. పాత చోక్ రకం ట్యూబులైటుకు మొదట స్టార్టరు మార్చి చూడాలి. ట్యూబు చివరలు బాగా నల్లబడి ఉంటే స్టార్టరు మార్చినా ప్రయోజనం ఉండదు.

డిమ్మర్ (వెలుగును తగ్గించి పెంచే పరికరం) మీద నడిచే ఎల్‌ఈడీ మినుకుమంటే, ఆ బల్బు డిమ్మర్‌కు పనికివచ్చే రకమో కాదో దాని పెట్టె మీద చూడాలి. పాత ఫిలమెంట్ బల్బుల కోసం చేసిన డిమ్మర్‌కు ఎల్‌ఈడీ తీసుకునే కొద్దిపాటి లోడు చాలకపోవచ్చు. స్విచ్చు ఆపిన తరువాత కూడా ఎల్‌ఈడీ ఉండి ఉండి తళుక్కుమంటే, సాధారణంగా స్విచ్చులోని ఇండికేటర్ దీపం గుండా పారే స్వల్ప కరెంటే కారణం. దానివల్ల ప్రమాదం లేదు. అయితే ఇండికేటర్ లేని స్విచ్చుతో ఇలా జరిగితే, స్విచ్చును ఫేజుకు (కరెంటు వచ్చే వైరుకు) బదులు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద కలిపారేమో పరీక్షింపజేయాలి, ఎందుకంటే అప్పుడు స్విచ్చు ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది.

గది మొత్తం మినుకుమంటే స్విచ్‌బోర్డులోనో జంక్షన్ పెట్టెలోనో లూజు కనెక్షన్‌ను అనుమానించాలి. ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే దానంతటదే ఆపేసే స్విచ్చు) పడిపోలేదు కదా అని ధైర్యపడకూడదు: లూజు చోట కరెంటు పరిమితి దాటదు కాబట్టి ఎంసీబీకి అది తెలియదు, కాని ఆ చోట రెసిస్టెన్స్ పెరిగి, వేడెక్కి, వైరు ఇన్సులేషన్ మాడుతుంది. చిటపట శబ్దం, కాలిన వాసన, రంగు మారిన స్విచ్చు పలక కనిపిస్తే ఆ సర్క్యూట్ ఎంసీబీని వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. టెస్టర్ వెలగడం ఫేజు ఉందని చెబుతుందే తప్ప, న్యూట్రల్ గట్టిగా ఉందని చెప్పదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇల్లంతా ఒక్క క్షణం మసకబారి వెంటనే కోలుకుంటే, ఫ్రిజ్ కంప్రెసరో నీటి మోటారో మొదలైన సమయంతో అది కలుస్తోందేమో చూడాలి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకంటే 5 నుంచి 7 రెట్ల కరెంటు తీసుకోవచ్చు కనుక కొద్దిపాటి మసక సహజమే. ఈ మధ్యనే అది ఎక్కువైతే మాత్రం మెయిన్ బోర్డు కనెక్షన్లను తనిఖీ చేయించాలి. ఇరుగుపొరుగు ఇళ్లలోనూ ఇదే జరుగుతుంటే లోపం బయటి లైనులో ఉన్నట్టే.

అన్నిటికంటే ప్రమాదకరమైన గుర్తు, కొన్ని లైట్లు మసకబారుతూ మరికొన్ని మితిమీరి ప్రకాశించడం. ఇది న్యూట్రల్ తెగిపోయినప్పుడో వదులైనప్పుడో జరుగుతుంది. 230 వోల్టులు అందే మూడు ఫేజుల సరఫరాలో ఇలా జరిగితే, తక్కువ లోడున్న ఫేజు మీది పరికరాలకు 400 వోల్టులకు దగ్గరగా కూడా రావచ్చు. వెంటనే మెయిన్ ఆపి, ప్లగ్గులన్నీ తీసి, విద్యుత్ సరఫరా సంస్థకు తెలియజేయాలి. మీటరును, సర్వీసు వైరును ఇంటివారు ముట్టుకోకూడదు. మరమ్మతు పూర్తయ్యాక ఎలక్ట్రీషియన్ చేత ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీని మీటరుతో కొలిపించి, సరిగ్గా ఉందని తేలిన తరువాతే పరికరాలను ఒక్కొక్కటిగా తిరిగి పెట్టాలి.