కొత్త ఫోర్ బై ఫోర్ కింద ‘టక్’: షాకప్‌ల మీద పడేముందు చూడాల్సినవి

“అన్నా, బండి తెచ్చి నెల కూడా కాలే. ముందు చక్రాల దగ్గర టక్ టక్ అంటుంది. షాకప్‌లు పోయినయా?”

ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడల్లా నేను అడిగే మొదటి మాట ఒక్కటే: జాకీ ఎక్కడుంది? అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత “లోపలే ఉంటది కదా” అంటారు. ఉంటుంది, సరే. బిగించి ఉందా?

ఈ ప్రశ్నకు చాలామందికి కోపం వస్తుంది. లక్షలు పోసి కొన్న బండి గురించి అడిగితే జాకీ గురించి మాట్లాడతాడేంటి అనుకుంటారు. కానీ ఇన్నేళ్లలో నేను చూసిన ‘సస్పెన్షన్ శబ్దాల’లో చాలావాటి కథ అక్కడే ముగిసింది. కాబట్టి బండి కిందికి దూరేముందు ఒక పావుగంట ఈ పని చేయండి. జాకీ, వీల్ పానా, వాటి రాడ్లు, డిక్కీలో ఉన్న నీళ్ల క్యాను, డోర్లలో ఉన్న సీసాలు, అన్నీ దించి ఇంట్లో పెట్టండి. ఎక్కడ శబ్దం వచ్చిందో అదే రోడ్డు మీద మళ్లీ నడపండి. శబ్దం పోయిందా? అయితే జాకీని దాని చోట పెట్టి, మర తిప్పి, బ్రాకెట్‌లో కదలకుండా బిగుసుకునేదాకా తెరవండి. ఊరికే లోపల పెడితే అది గుంత గుంతకూ మోగుతుంది.

తర్వాత స్టెప్నీ. వెనక డోరుకు తగిలించిన స్టెప్నీని రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఊపండి. చక్రం ఒక్కటే కదిలితే దాని నట్లు బిగించాలి. డోరుతో సహా కదిలితే తాళం కొక్కెం, డోరు రబ్బర్లు సర్దాలి. బయట పెద్ద టైర్లు వేయించి అదే సైజు బరువు స్టెప్నీని కూడా డోరుకే వేలాడదీసిన వాళ్లకు ఇది తప్పదు. ఆ డోరు అంత బరువు అనుకుని చేసింది కాదు మరి.

మొరం రోడ్ల మీద తిరిగే వాళ్లయితే ఇంజన్ కిందున్న స్కిడ్ ప్లేట్‌ను అరచేత్తో చరచండి. లోపల కంకర రాయి ఒక్కటి చిక్కినా గల్లుమంటుంది. అలాయ్ వీల్స్ ఈమధ్యే మార్చి ఉంటే వీల్ నట్లు ఈరోజే చూడండి. చక్రం ఎప్పుడు విప్పి బిగించినా 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగింపు చూసుకోవాలి. దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా శబ్దం వస్తుంటే అప్పుడు అసలు ప్రశ్న: ఎప్పుడు వస్తుంది? ‘ఎక్కడి నుంచి’ అని నేను అడగను. ఛాసిస్ ఇనుము శబ్దాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికైనా మోసుకుపోతుంది. ఎడమ చక్రం దగ్గర పుట్టింది స్టీరింగ్ కింద వినిపిస్తుంది. చెవిని నమ్మి పార్టు మార్చితే డబ్బు పోవడమే.

వంకర తిరిగేటప్పుడు బండి పట్టేసినట్టుండి, ‘ధడ్’మని వదిలితే

ఫోర్ బై ఫోర్ లివర్ చూడండి. ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం పోయే చోట ఉందేమో.

నవ్వొద్దు. పొలంలో బురద అని ఫోర్ హై వేస్తారు, బయటికి వచ్చాక తీయడం మరిచి సిమెంటు రోడ్డెక్కుతారు. పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌లో, అంటే అవసరమైనప్పుడే లివర్‌తో నాలుగు చక్రాలూ కలిపే బండిలో, ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వాటి మధ్య ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలోనో ఇసుకలోనో టైరు కాస్త జారి ఆ తేడాను సర్దేసుకుంటుంది. పొడి సిమెంటు మీద జారలేదు. ఆ మెలి అంతా షాఫ్టుల్లో, గేర్లలో పేరుకుపోయి, ఒక టైరు పట్టు వదలగానే ధడ్‌మంటుంది. లివర్ కూడా అంత తేలిగ్గా బయటికి రాదు. బలవంతం చేయకుండా తిన్నగా నాలుగు మీటర్లు వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చి టూ హైలోకి, అంటే రెండు చక్రాల నడకకు మార్చండి. తరవాత కూడా శబ్దం వస్తేనే నాకు చెప్పండి.

ఆగి కదిలేటప్పుడు ఒక్కసారి ‘టక్’

స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగి మొదటి గేరులో క్లచ్ వదలగానే నడుము కింద ఒక్క దెబ్బ. తర్వాత ఏమీ ఉండదు. ఇది ఎక్కువగా ఇంజన్ బలాన్ని ఇరుసుకు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో ముందుకూ వెనక్కూ జారే పళ్ల భాగం ఎండిపోవడం వల్ల వస్తుంది. గ్రీజు ఎక్కించే నిప్పల్ ఉంటే గన్‌తో గ్రీజు కొట్టించండి. నిప్పల్ లేని బండి అయితే షాఫ్ట్ విప్పి పళ్లు తుడిచి గ్రీజు రాయాలి. వాగు దాటించిన బండ్లలో ఇది త్వరగా వస్తుంది. షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పినప్పుడు దాని చివరి కీలులో ఉండే క్రాస్ దగ్గర ఆట (వదులు) కనిపిస్తే అది వేరే సంగతి, క్రాస్ మార్చాల్సిందే. కొత్త బండిలో అరుదు.

ఇక్కడే కొన్ని అనవసరపు టెన్షన్లు తీసేస్తాను. రివర్స్ తర్వాత మొదటిసారి బ్రేక్ నొక్కితే వచ్చే చిన్న ‘టిక్’ బ్రేక్ ప్యాడ్ తన చోట అటు నుంచి ఇటు సర్దుకోవడం. బండి స్టార్ట్ చేసి కొద్ది దూరం పోగానే ఒక్కసారి గుర్‌మని వినిపించేది, చాలా బండ్లలో, ఏబీఎస్ తనను తాను పరీక్షించుకోవడం. ఫుల్ ట్యాంకుతో బ్రేక్ వేసి ఆగాక వెనక సీటు కింద ‘బుడుక్’ అంటే అది ట్యాంకులో డీజిలో పెట్రోలో కదలడం. వీటికి మందు లేదు, అవసరమూ లేదు.

ఎగుడు దిగుడు రోడ్డు మీద, మెల్లగా పోతుంటే ‘టక్, టక్ టక్’

65వ నంబరు హైవే మీద నార్కట్‌పల్లి దాకా నోరు మెదపని బండి, నల్లగొండ వైపు తిరిగి ఊరి బాట పట్టగానే మొదలు పెడుతుంది. వేగం పెంచితే తగ్గినట్టుంటుంది. గుంతలున్న చోట పది, పదిహేను స్పీడులో స్పష్టంగా వినిపిస్తుంది. నాకు చేయి కాలింది ఇక్కడే.

హాలియా వైపు బత్తాయి తోట ఉన్న ఒక పెద్దాయన కొత్త బండి తెచ్చాడు. సాగర్ కాలువ కట్ట మీద రోజూ తిరుగుడు. ముందు ఎడమ వైపు శబ్దం. నేను ఏం చేశాను? అందరూ చేసేదే. ఎడమ చక్రం పక్కన ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపాను. చక్రాన్ని పట్టి ఊపాను, ఆట లేదు. గడ్డపార లాంటి రాడ్డు పెట్టి చక్రాన్ని కింద ఛాసిస్‌కు కలిపే లోయర్ ఆర్మ్‌ను ఎత్తి చూశాను, దాని రబ్బరు బుష్ బాగుంది. స్టెబిలైజర్ లింక్ రాడ్‌ను (అదేంటో కింద చెప్తాను) పట్టుకుని లాగాను, బండలా ఉంది. ఇక మిగిలింది షాకప్ అనుకుని అదే చెప్పాను. ఆయన వారంటీ కోసం తిరిగే ఓపిక లేక సొంత డబ్బుతో రెండు షాకప్‌లూ వేయించాడు. మూడో రోజు ఫోన్: “తమ్మీ, షాకప్‌లు మారినయ్ కానీ శబ్దం మారలే.”

సిగ్గుతోనే వెళ్లాను. ఊళ్లో బడి ముందున్న స్పీడ్ బ్రేకర్‌ను నేను రెండుసార్లు దాటించాను, చప్పుడు లేదు. తర్వాత ఆయన నడిపాడు. ఆయనకు బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటే అలవాటు. టక్! నేను ఎక్కితే రాదు, ఆయన ఎక్కితే వస్తుంది. తేడా డ్రైవర్‌లో లేదు, చక్రాలు ఎక్కిన తీరులో ఉంది.

స్టెబిలైజర్ బార్ అంటే రెండు ముందు చక్రాలను కలుపుతూ అడ్డంగా ఉండే ఉక్కు కడ్డీ. రెండు చివర్లా చిన్న లింక్ రాడ్లతో సస్పెన్షన్‌కు తగిలించి ఉంటుంది. మహీంద్రా థార్‌కు ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి, మారుతి జిమ్నీకి ముందు కూడా అడ్డ ఇరుసే. కానీ ఈ కడ్డీ రెండింటికీ ఉంది. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే కడ్డీ తన రబ్బరు బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, దానికి పనే లేదు. ఒక చక్రం లేచి ఇంకోటి కిందే ఉంటే అప్పుడు మెలిపడుతుంది. ఆ బరువంతా లింక్ రాడ్ల మీద పడుతుంది. లింక్ నట్టు కాస్త వదులైనా, అటు లాగినప్పుడు ఒక టక్, ఇటు వదిలినప్పుడు ఒక టక్.

మరి నేను లాగితే బండలా ఎందుకుంది? ఒక్క చక్రాన్నే జాకీతో లేపాను కాబట్టి. లేపిన చక్రం కిందికి వేలాడుతుంది, రెండోది నేల మీద ఉంటుంది. అంటే నా చేతులతోనే కడ్డీని మెలిపెట్టి, వదులుగా ఉన్న లింకును ఒక పక్కకు ఒత్తిపెట్టాను. తర్వాత దాన్నే లాగి ‘గట్టిగా ఉంది’ అని తేల్చాను. రోడ్డు పక్క షెడ్లలో ఈరోజుకీ జరిగేది ఇదే.

కాబట్టి వరస ఇలా ఉండాలి. మొదట రోడ్డు పరీక్ష. పాటలు, ఏసీ ఫ్యాన్ బంద్ చేసి అద్దాలు దించండి. పక్కన ప్రహరీ గోడ ఉన్న చోటైతే ఇంకా మంచిది, శబ్దం గోడకు కొట్టి తిరిగి వస్తుంది. పది స్పీడులో ఒక బ్రేకర్‌ను తిన్నగా దాటండి. అదే బ్రేకర్‌ను ఏటవాలుగా దాటండి. తిన్నగా మౌనం, ఏటవాలుకు టక్ అయితే ముందుగా అనుమానించాల్సింది లింకునే. రెండు రకాలుగానూ వస్తే షాకప్ పై మౌంటింగ్, లోయర్ ఆర్మ్ బుష్ వైపు చూడండి.

తర్వాత బండిని చదునైన నేల మీద, నాలుగు చక్రాల మీదే నిలపండి. జాకీ ముట్టుకోవద్దు. ఇంజన్ ఆపి, గేరులో వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. స్టీరింగ్‌ను ఒక వైపు పూర్తిగా తిప్పితే చాలా బండ్లలో టైరు వెనక లింక్ కనిపిస్తుంది. లింక్ కీలు మీద రెండు వేళ్లు ఆనించి, బయట ఒక మనిషిని బండి పైకప్పు అంచు పట్టి పక్కలకు ఊపమనండి. వేళ్లను స్ప్రింగ్ మధ్యలోకి మాత్రం పోనివ్వొద్దు. వదులుంటే చెవికి అందకముందే వేలికి ‘టిక్’ తగులుతుంది. పైదీ కిందిదీ రెండు కీళ్లూ, రెండు వైపులా చూడాలి. వాషర్ చుట్టూ ఇనుము కొత్తగా మెరుస్తున్నా, ఎర్రటి తుప్పు పొడి కనిపించినా అక్కడ రెండు ఇనుములు రాసుకుంటున్నట్టే.

కొత్త బండిలో నట్టు వదులేంటి అని అడుగుతారు. చాలా బండ్లలో అది లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు. ఆ రింగు మరను పట్టుకోగానే పానాకు గట్టిగా తగులుతుంది. నట్టు ఇంకా ఆనలేదు, కానీ చేతికి ‘బిగిసింది’ అనిపిస్తుంది. పైగా లింక్ బోల్టు గుండ్రటి బాల్ మీద ఉంటుంది కాబట్టి నట్టుతో పాటు బోల్టూ తిరుగుతుంది. ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోదు. అలాంటప్పుడు గాలి గన్నుతో కొడితే లోపలి బాల్, రబ్బరు టోపీ రెండూ పాడవుతాయి.

సరైన పద్ధతి: మరలో ఉన్న మట్టిని వైర్ బ్రష్‌తో తీయండి. బోల్టు చివర ఆరు పలకల గుంత ఉంటే అలెన్ కీతో, వెనక రెండు చదును పలకలుంటే పలచటి పానాతో బోల్టును కదలకుండా పట్టి, రింగు పానాతో నట్టు బిగించండి. కొసలో బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తో మీ బండి మాన్యువల్‌లో ఉన్న లెక్కకు తేవాలి. నట్టు పూర్తిగా విప్పాల్సి వస్తే కొత్త నట్టు వేయండి, రింగు పట్టు తగ్గిపోయి ఉంటుంది. నట్టు మీంచి బోల్టు మీదికి పెయింట్‌తో ఒక గీత గీస్తే, నెల తర్వాత అది కదిలిందో లేదో కంటితోనే తెలుస్తుంది. నట్టు గట్టిగా ఉండి బాల్‌లోనే ఆట ఉంటే లింక్ మార్చండి, రెండు వైపులా ఒకేసారి. షాకప్‌ల ఖర్చు ముందు అది చిల్లర.

పెద్దాయన బండిలో ఎడమ కింది నట్టు ఒకటిన్నర చుట్టు తిరిగింది. అంతే. తీసేసిన పాత షాకప్‌లు ఆయన కొట్టంలో ఇప్పటికీ ఉన్నాయి, నాకు చూపించడానికే దాచాడేమో.

బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించిన బండ్లకు ఒక మాట. ఎత్తు పెరిగితే లింకు కోణం మారి కడ్డీకో ఆర్మ్‌కో తగలొచ్చు. కిట్‌తో పాటు పొడుగు లింకులు ఇచ్చారా అని అడగండి. ఇంకోటి, లోయర్ ఆర్మ్ బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా చివరి బిగింపు బిగించారేమో కనుక్కోండి. బండి బరువు నేల మీద పడ్డాకే ఆ బోల్టులు బిగించాలి, లేకపోతే రబ్బరు బుష్ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది.

మిగతావి

బాడీ మౌంట్ బోల్టులు, ఇంజన్ మౌంటింగ్, ఎగ్జాస్ట్ హ్యాంగర్ రబ్బరు. అన్నీ జరగొచ్చు, కొత్త బండిలో ఎప్పుడో ఒకసారి. బ్రేకర్ మీంచి వేగంగా దూకించినప్పుడు మాత్రమే వచ్చే దెబ్బ, సస్పెన్షన్ కిందికి సాగినంత సాగి ఆగడం. మెల్లగా పోండి. చక్రం తిరిగిన ప్రతిసారీ లెక్కగా వచ్చే శబ్దమైతే, లేదా శబ్దంతో పాటు స్టీరింగ్ వదులుగా అనిపిస్తే, అక్కడే ఆపి వీల్ నట్లు చూడండి. అవి బాగుంటే బండిని నడపకుండా వేరే వాహనం మీద ఎక్కించుకుని పొండి.

వారంటీలో ఉన్న బండికి బయట పానా పెట్టించే బదులు సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి, కానీ ‘ముందు శబ్దం వస్తుంది’ అని రాయించి తాళం ఇచ్చి రావద్దు. ర్యాంప్ ఎక్కించి ‘అంతా ఓకే’ అని తిరిగి ఇస్తారు. జాబ్ కార్డులో ఇలా రాయించండి: “పది స్పీడులో బ్రేకర్‌ను ఏటవాలుగా దాటితే ముందు టక్ శబ్దం, తిన్నగా దాటితే లేదు. లింక్ నట్లు బండి నేల మీద ఉండగా చూడాలి.” తర్వాత వాళ్ల మనిషిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని దగ్గర్లోని బ్రేకర్ దాకా మీరే నడపండి. పోయేముందు జాకీ దించి పోండి. లేకపోతే ఆయన కూడా అదే అడుగుతాడు.