డాక్టర్ గారు "ఇక ఇంతే" అన్నాక ఎక్కడికి వెళ్లాలి

మా అమ్మకి మాక్యులా (కంటి వెనక పొరలో నేరుగా చూడ్డానికి పనికొచ్చే మధ్యభాగం) దెబ్బతిని రెండు కళ్లలోనూ మధ్య చూపు పోయింది. ఇంజెక్షన్లు అయ్యాయి, అద్దాలు మూడుసార్లు మార్చాం, చివరికి డాక్టర్ గారు "ఇక ఇంతేనమ్మా, ఉన్నది కాపాడుకోవడమే" అన్నారు. ఆ ఉన్నదాన్ని ఎలా వాడుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు, ఏడాదిన్నర పాటు అమ్మ సోఫాలో కూర్చుని టీవీ వింటూ గడిపేసింది.

మీరు అడగాల్సిన మాట "లో విజన్ క్లినిక్". మందులు, ఆపరేషన్ల డాక్టర్ వేరు, ఇది వేరు. ఉన్న చూపుతో మనిషి రోజువారీ పనులు ఎలా చేసుకోవాలో ఇక్కడ చూస్తారు. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. విశాఖపట్నం, విజయవాడల్లోనూ వాళ్ల ఆసుపత్రులున్నాయి కాబట్టి అటువైపు వాళ్లు ముందు అక్కడ కనుక్కోండి. వేరేచోట చూపించుకుంటున్నా సరే, అక్కడి డాక్టర్‌ని సిగ్గుపడకుండా అడిగి చీటీ రాయించుకోండి.

వెళ్లేముందు ఒక పని చేయండి. "చూపు ఆనట్లేదు" అని చెబితే వాళ్లకి ఏమీ తెలీదు. మందు షీటు మీద తేదీ కనపడట్లేదు, బస్సు నంబర్ చదవలేకపోతోంది, సూదిలో దారం ఎక్కట్లేదు, ఇలా పనులన్నీ కాగితం మీద రాసుకోండి, ఆ మందు షీటు, పాత అద్దాలు, పాత రిపోర్టులు కూడా పట్టుకెళ్లండి. ఎందుకంటే ఒక్కో పనికి ఒక్కో పరికరం, చదివే భూతద్దంతో బస్సు నంబర్ కనపడదు, దానికి చిన్న టెలిస్కోప్ ఇస్తారు.

నేను చేసిన తప్పు మీరు చేయకండి, ముందే బజారుకెళ్లి అరచెయ్యంత భూతద్దం కొనేశాను. తర్వాత తెలిసింది, అద్దం పెద్దదయ్యేకొద్దీ పవర్ తగ్గుతుందట. ఎక్కువ పవర్‌వి చిన్నగా ఉంటాయి, కంటికి బాగా దగ్గరగా పెట్టుకోవాలి. చెయ్యి వణికేవాళ్లకి కాగితం మీద ఆనించి పెట్టే లైటున్న స్టాండు రకం మేలు. అంత దగ్గరగా పెట్టి చదివితే ఉన్న చూపూ పోతుందని మా పిన్ని ఒకటే గొడవ, అలా ఏమీ పోదు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యమనిపించింది పక్కచూపు. మధ్యలో చూపు పోయినవాళ్లు నేరుగా చూస్తే ఎదుటివాళ్ల మొహం ఉండాల్సినచోట మసకే ఉంటుంది. నా మొహం కాకుండా నా చెవి పక్కకి చూడమని అమ్మకి అక్కడి అమ్మాయి చెప్పింది. రెండు మూడుసార్లు తల అటూ ఇటూ తిప్పి, ఆగి, "గడ్డం ఏంట్రా అలా పెరిగింది" అంది. ఇది రోజూ ప్రాక్టీస్ చేయాలి, ఒక్కొక్కరికి ఒక్కో దిక్కు కుదురుతుంది.

ఇంకో విషయం, ఎవరూ ముందుగా చెప్పరు. చూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి లేని మనుషులు, పూలు, ముగ్గుల్లాంటి గీతలు కనిపిస్తాయి. గాలి సోకిందనో మతి తప్పిందనో కంగారు పడి తాయెత్తుల దాకా వెళ్లకండి. స్విట్జర్లాండ్‌కి చెందిన చార్లెస్ బొనే 1760లోనే తన తాతగారికి ఇలా కనిపిస్తున్నాయని రాశాడు, ఆ బొనే పేరే దీనికి పెట్టారు. డాక్టర్‌కి మాత్రం చెప్పండి.

ఇక వైకల్య సర్టిఫికెట్. దానికి చేసే ప్రభుత్వ పరీక్షకి (సదరం అంటారు) స్లాట్ మీసేవలో, ఆంధ్రలో అయితే సచివాలయంలో కూడా అడగండి, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) సంగతీ అక్కడే కనుక్కోండి. కొలిచేది అద్దాలు పెట్టుకున్నాక ఎంత కనపడుతుందని. దాన్నిబట్టి వైకల్యం 40 శాతం వస్తేనే చాలా వాటికి అర్హత. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే లెక్క 30 శాతమే, దాని మీద ఆశ పెట్టుకుని తిరగొద్దు. దివ్యాంగుల పెన్షన్ 2023 జూలైలో తెలంగాణలో 4,016కి, 2024 జూలైలో ఆంధ్రలో 6,000కి పెరిగింది. చదువుకునే పిల్లలుంటే ఈ కాగితం ఇంకా ముఖ్యం, 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో, ఉన్నత చదువుల్లో రిజర్వేషన్ ఉంది, పరీక్షల్లో రాసిపెట్టేవాళ్లని అడగొచ్చు, గంటకి 20 నిమిషాలు అదనంగా అడగొచ్చు.

ఫోన్ ఉంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి అక్షరాలు పెద్దవి చేయండి, మాగ్నిఫికేషన్ ఆన్ చేయండి. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ మొదటిరోజే పెట్టకండి, అది ఆన్ అయితే ప్రతిదానికీ రెండుసార్లు నొక్కాలి, పెద్దవాళ్లకి టెన్షన్ వచ్చి ఫోనే పక్కన పడేస్తారు. నోట్లు తికమక అయితే రిజర్వ్ బ్యాంక్ వాళ్ల మణి యాప్ ఉంది, కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెబుతుంది.

ఇంట్లో పెద్ద ఖర్చేం లేదు. తెల్ల పళ్లెంలో తెల్లన్నం కనపడదు, ముదురు రంగు పళ్లెం కొనండి. మెట్ల అంచుకి పసుపు టేపు వేయండి. స్టవ్ నాబ్ మీద సిమ్ దగ్గర ఎంసీల్‌తో చిన్న చుక్క పెడితే వేలికి తగులుతుంది. వస్తువుల చోటు మాత్రం చెప్పకుండా మార్చకండి. ఒకసారి నేను అలమర తుడిచి ఉప్పు డబ్బా, పంచదార డబ్బా అటుది ఇటు పెట్టేశాను. ఆ సాయంత్రం నాన్న కాఫీ ఒక గుక్క తాగి, అమ్మ వైపు చూసి, ఏమీ అనకుండా మిగతాదీ తాగేశారు.