ఆక్సుమ్ వెళ్తే పడిపోయిన రాయి దగ్గర మొదలుపెట్టండి

ఇథియోపియాలోని ఆక్సుమ్‌కి వెళ్లినవాళ్లు నిలబడి ఉన్న రాతిస్తంభాల కింద ఫొటోలు దిగి చర్చికి వెళ్లిపోతుంటారు. నన్నడిగితే, ముందు నేలమీద పడి ఉన్నదాని దగ్గరికి నడవండి. ఒకే రాయి, దాదాపు 33 మీటర్ల పొడవు, 500 టన్నుల పైచిలుకు బరువు. నిలబెట్టేటప్పుడే కూలి ఉంటుందని చాలామంది పరిశోధకుల అంచనా. పడిపోవడం మనకు కలిసొచ్చింది, చెక్కడమంతా కంటికి ఎదురుగా ఉంది. అడుగున ఉత్తుత్తి తలుపు, ఆపైన వరసగా కిటికీలు, మధ్యమధ్య పొడుచుకొచ్చిన గుండ్రటి దూలపు కొసలు. వాటికి కోతి తలలని పేరు. మొత్తంగా 13 అంతస్తుల మేడ అన్నమాట.

ఇది తీరిగ్గా చూశాక తలెత్తండి. అవే తలుపులూ కిటికీలూ నిలబడ్డవాటి మీదా గుర్తుపడతారు. వాటిలో 24 మీటర్లదాన్ని 1937లో ముస్సోలినీ ప్రభుత్వం రోముకు తరలించింది. 2005లో మూడు ముక్కలుగా విమానాల్లో వెనక్కి వచ్చింది, 2008లో మళ్లీ నిలబెట్టారు. ఇవన్నీ సమాధుల గుర్తులే కాబట్టి కింద ఉన్న రాతిగదుల్లోకి తప్పక దిగండి. టార్చి మరవొద్దు.

మై షుమ్ కొలను దాటి ఉత్తరంగా కాలేబ్ రాజు సమాధుల వైపు నడిస్తే, దారిలో చిన్న షెడ్డులో, నాలుగో శతాబ్దంలో ఆక్సుమ్‌ను ఏలిన ఎజానా రాజు శాసనం ఉంటుంది. ఇథియోపియా పాత భాష గీజ్, దక్షిణ అరేబియా పాత భాష సబాయిక్, గ్రీకు, మూడింటిలోనూ చెక్కించాడు. కదిపినవాడికి చావు తప్పదని అందులో శాపం ఉందని గైడ్లు చెబుతారు. మ్యూజియానికి పోకుండా అక్కడే ఉండిపోయిందంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు.

డుంగుర్ శిథిలాలను, బైబిలు కథలో వచ్చే షేబా రాణి పేరుమీద, ‘షేబా రాణి కోట’ అంటారు. కట్టింది క్రీస్తుశకంలో, ఆమె కథాకాలానికి వెయ్యేళ్లకు పైనే తర్వాత. అయినా గైడుతో వాదన పెట్టుకోకండి, ఆ గదుల అమరిక చూడదగ్గది.

సియోను మరియమ్మ పాత చర్చిలోకి ఆడవాళ్లను రానివ్వరు. నేనూ బయటే ఉండి మావారిని లోపలికి పంపాను. 1960లలో హైలే సెలాసీ చక్రవర్తి కట్టించిన కొత్త చర్చిలోకి ఎవరైనా వెళ్లొచ్చు. చెప్పులు బయట విడవాలి. తెల్లటి పల్చటి నెతెలా ఒకటి కొనుక్కుంటే తల, భుజాలు కప్పుకోవడానికి పనికొస్తుంది. పక్కనే ఉన్న చిన్న మందిరంలో నిబంధన మందసం, అంటే బైబిల్లో చెప్పే పది ఆజ్ఞల పలకల పెట్టె, ఉందని అక్కడివాళ్ల నమ్మకం. కావలి ఉండే ఒక్క సన్యాసి తప్ప ఇంకెవరూ లోపలికి పోరు, కాబట్టి చూపించమని అడగకండి.

ఆక్సుమ్ ఉన్న తిగ్రాయ్ ప్రాంతంలో యుద్ధం 2022 నవంబరు ఒప్పందంతో ఆగినా, బయల్దేరేముందు అక్కడి పరిస్థితి, విమానాలు కనుక్కోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. ఊరు 2,100 మీటర్ల ఎత్తున ఉంది, మొదటిరోజు నెమ్మదిగా తిరగండి. నవంబరు 30 చుట్టుపక్కల సియోను మరియమ్మ పండగకు యాత్రికులు పోటెత్తుతారు, గది ముందే మాట్లాడుకోవాలి. బిర్రు నోట్లు చేతిలో ఉంచుకోండి.

కారు మాట్లాడుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, అక్కడ గంటల లెక్క తెల్లారి ఆరు నుంచి మొదలవుతుంది. డ్రైవరు ‘రేపు రెండింటికి’ అన్నాడంటే పొద్దున్న ఎనిమిదికి గుమ్మం ముందుంటాడు.